ముందు కొలత, తర్వాతే మార్పు: ఫ్రీజర్ సెన్సర్ లోపాన్ని ఇంట్లోనే పసిగట్టే పద్ధతి

వేసవిలో తాడిపత్రిలాంటి ఊళ్లో ఫ్రిజ్ మొరాయించినప్పుడు ఆ లోపం సాధారణంగా రెండు రూపాల్లో బయటపడుతుంది. పై గదిలో ఐసు గట్టిపడక, మాంసం ప్యాకెట్టు మెత్తబడి నీరు కారడం మొదటి రూపమైతే, అందుకు పూర్తిగా విరుద్ధంగా కింది గదిలోని కొత్తిమీర, టమోటాలు, పెరుగు గడ్డకట్టి, కరెంటు బిల్లు నెలనెలా పెరుగుతూ పోవడం రెండో రూపం. ఒకదానికొకటి పొసగని ఈ రెండు లక్షణాలకూ వేలికొనంత కూడా లేని ఒకే భాగం, అంటే ఫ్రీజర్‌లోని ఉష్ణోగ్రత సెన్సర్, కారణం కావచ్చు. అసలు దానికి ఏ సంబంధమూ లేకపోవచ్చు కూడా. ఆ సంగతి తేల్చుకోకుండానే మొదట సెన్సర్‌ను, గుణం కనిపించకపోతే బోర్డును, అప్పటికీ తీరకపోతే గ్యాసును వరుసగా మార్పిస్తూ పోయిన ఇళ్లు ఎన్ని లేవు? నాడి చూడకుండా మందు రాసే వైద్యుడి దగ్గరికి ఎవరూ రెండోసారి వెళ్లరు. ఫ్రిజ్ మరమ్మతు విషయంలోనూ అదే పట్టింపు ఉండాలి. ఈ అధ్యాయమంతా ఒకే సూత్రం మీద నడుస్తుంది: ముందు కొలవాలి, తర్వాతే మార్చాలి.

ఇందుకు పెద్ద చదువు అక్కర్లేదు. ఒక చిన్న థర్మామీటరు, కొన్ని వందల రూపాయల్లో దొరికే డిజిటల్ మల్టీమీటర్, ఒక గ్లాసు ఐసు, కొంత ఓపిక ఉంటే చాలు. మెకానిక్‌ను పిలవాల్సిన అవసరం చివరికి తప్పకపోయినా, కొలత చేతిలో ఉన్న గృహస్థుకూ లేని గృహస్థుకూ మధ్య ఖర్చులో వచ్చే తేడా చాలా పెద్దది.

తాడిపత్రిలో ఫ్రిజ్ మీద పడే భారం

పెన్నా ఒడ్డున ఉన్న ఈ పట్టణంలో వేసవి పగటి ఉష్ణోగ్రత 42, 43 డిగ్రీలకు చేరడం కొత్త కాదు. ఫ్రిజ్ వెనకనో లోపలి గోడ మీదనో అతికించి ఉండే లేబుల్ మీద క్లైమేట్ క్లాస్ అనే సూచన ఒకటి ఉంటుంది. ఆ యంత్రం చుట్టూ ఎంత వేడి ఉన్నా సరిగ్గా పనిచేయగలదో అది చెబుతుంది. అక్కడ 'ఎన్' అని ఉంటే 16 నుంచి 32 డిగ్రీల వరకు, 'ఎస్‌టీ' అని ఉంటే 38 డిగ్రీల వరకు, 'టీ' అని ఉంటే 43 డిగ్రీల వరకు అని అర్థం. బండలు పరిచిన మిద్దె కింద, గ్యాస్ పొయ్యి పక్కన, గాలి ఆడని వంటింట్లో మే నెల మధ్యాహ్నం ఆ 43 డిగ్రీల హద్దు కూడా దాటిపోయే అవకాశం ఉన్నప్పుడు, సెన్సర్ ఎంత సక్రమంగా ఉన్నా ఫ్రీజర్ తన చల్లదనాన్ని అందుకోలేకపోవచ్చు.

రెండో భారం దుమ్ము. నాపరాళ్లను కోసి నునుపు చేసే పాలిషింగ్ యూనిట్లు, చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు ఉన్న ఈ ప్రాంతంలో సన్నని రాతిపొడి ఫ్రిజ్ వెనక భాగంలో పేరుకుంటుంది. మూడో భారం వోల్టేజి. సరఫరా 230 వోల్టులు ఉండాల్సిన చోట, లైను చివర ఉన్న వీధుల్లో, బోరు మోటార్లు ఎక్కువగా నడిచే వేళల్లో అది పడిపోవచ్చు. అందువల్ల ఈ ఊళ్లో ఫ్రీజర్ చల్లబడలేదంటే సెన్సర్‌ను అనుమానించే ముందు ఈ మూడింటినీ విచారించాలి.

ఏ ఫ్రిజ్‌లో సెన్సర్ ఉంటుంది?

ఈ ప్రశ్న వేసుకోకపోవడమే అన్నిటికన్నా మొదటి పొరపాటు. ఒకే తలుపు ఉండి, లోపలి ఐసు పెట్టె గోడల మీద మంచు పేరుకునే రకాన్ని డైరెక్ట్ కూల్ అంటారు. ఇలాంటి చాలా మోడళ్లలో ఎలక్ట్రానిక్ సెన్సర్ ఉండదు. చేత్తో తిప్పే గుండ్రని బిళ్ల వెనక థర్మోస్టాట్ అనే యాంత్రిక స్విచ్చి ఉంటుంది. సన్నని గొట్టంలోని వాయువు చల్లదనానికి కుంచించుకుని, వేడికి వ్యాకోచించి, ఆ కదలికతోనే కంప్రెసర్‌ను ఆపుతూ నడుపుతూ ఉంటుంది. అలాంటి ఫ్రిజ్‌కు 'సెన్సర్ పోయింది' అని ఎవరైనా చెబితే ఆ మాటను అక్కడే నిలదీయవచ్చు.

రెండు తలుపులు ఉండి, గోడల మీద మంచు కట్టని రకాన్ని ఫ్రాస్ట్ ఫ్రీ అంటారు. ఇందులో ఫ్రీజర్ వెనక పలక చాటున కూలింగ్ కాయిల్, దాని మీది చల్లని గాలిని రెండు గదులకూ పంచే ఫ్యాను, కాయిల్ మీద కట్టిన మంచును కరిగించే డీఫ్రాస్ట్ హీటర్ ఉంటాయి. వీటన్నిటినీ నడిపించే ఎలక్ట్రానిక్ పలకను మెకానిక్‌లు బోర్డు అంటారు. బోర్డుకు ఫ్రీజర్ గాలి ఎంత చల్లగా ఉందో చెప్పేది ఫ్రీజర్ సెన్సర్. కాయిల్ మీద మంచు కరిగిందో లేదో చెప్పేది డీఫ్రాస్ట్ సెన్సర్. ఈ రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి ఒకదానికి బదులు మరొకటి మార్చే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

సెన్సర్ తప్పు చెప్పే మూడు తీరులు

ఫ్రిజ్ సెన్సర్లలో అత్యధికం థర్మిస్టర్లు. థర్మిస్టర్ అంటే వేడిమిని బట్టి విద్యుత్ నిరోధం మారే చిన్న పూస. ఫ్రిజ్‌లో వాడే రకంలో చలి పెరిగేకొద్దీ నిరోధం పెరుగుతుంది, వేడి పెరిగేకొద్దీ తగ్గుతుంది. నిరోధాన్ని ఓంలలో కొలుస్తారు; వెయ్యి ఓంలు ఒక కిలో ఓం. ఈ ఒక్క సంబంధం గుర్తుంటే లక్షణాన్ని బట్టి లోపం ఏ దిక్కున ఉందో ఊహించవచ్చు.

1. సెన్సర్ తీగ తెగితే నిరోధం అనంతం అవుతుంది. బోర్డు దీన్ని నమ్మశక్యం కాని చలిగా గుర్తించి, సాధారణంగా ఎర్రర్ కోడ్ చూపిస్తుంది. చాలా మోడళ్లలో కంప్రెసర్‌ను గడియారం లెక్కన కొంతసేపు నడిపి, కొంతసేపు ఆపుతుంది. అందుకే కోడ్ కనిపిస్తున్నా ఫ్రిజ్ కొంత చల్లగానే ఉండటం చూసి, లోపమేమీ లేదని అనుకోకూడదు.

2. పూస లోపలికి తేమ చేరితే నిరోధం ఉండాల్సినదానికన్నా తగ్గిపోతుంది. బోర్డు దాన్ని వేడిగా భావించి కంప్రెసర్‌ను ఆపకుండా నడుపుతుంది. ఫ్రీజర్ అతిగా చల్లబడి, కింది గదిలో కూరగాయలు గడ్డకడతాయి, బిల్లు పెరుగుతుంది.

3. పూస పాతబడో, అతుకు వదులయ్యో నిరోధం ఉండాల్సినదానికన్నా పెరిగితే బోర్డు దాన్ని చాలినంత చలిగా భావించి కంప్రెసర్‌ను తొందరగా ఆపేస్తుంది. ఐసు కరుగుతుంది, పాలు విరుగుతాయి.

రెండో, మూడో తీరుల్లో విలువ అసాధ్యమైనది కాదు, కేవలం తప్పు. కాబట్టి చాలాసార్లు ఏ కోడూ రాదు. ఇలాంటి సందర్భంలో ఫ్రిజ్ తలుపు మీది అంకెను నమ్మవచ్చునా? నమ్మకూడదు, ఎందుకంటే చాలా మోడళ్లలో అక్కడ కనిపించేది మనం కోరిన ఉష్ణోగ్రత మాత్రమే. లోపలి ఉష్ణోగ్రతను చూపే మోడళ్లలోనూ ఆ అంకె వచ్చేది అదే సెన్సర్ నుంచి.

సెన్సర్ జోలికి పోకముందు చూడాల్సిన ఆరు విషయాలు

1. ప్రత్యేక థర్మామీటరుతో కొలవాలి. ఫ్రిజ్ థర్మామీటరును ఫ్రీజర్‌లో గట్టిపడిన రెండు ప్యాకెట్ల మధ్య, మరొకదాన్ని కింది గదిలో నీళ్ల గ్లాసులో రాత్రంతా ఉంచి, తెల్లవారి తలుపు తీసిన వెంటనే చదవాలి. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర, కింది గది 4 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో టీకాలు ఉంచే శీతల పెట్టెలకు కూడా లోపల విడిగా థర్మామీటరు పెట్టి, రోజుకు రెండుసార్లు చదివి పుస్తకంలో రాసే పద్ధతి ఉంది. ఇంటి ఫ్రిజ్‌కు ఆ క్రమశిక్షణ నాలుగు రోజులు పాటిస్తే చాలు, సగం సంగతి తెలిసిపోతుంది.

2. తలుపు రబ్బరు పరీక్షించాలి. ఒక నోటును తలుపుకూ చట్రానికీ మధ్య ఉంచి మూసి లాగితే కొంత బిగువు తెలియాలి. జారి వచ్చేస్తే ఆ చోట రబ్బరు వదులైందన్నమాట. గోరువెచ్చని సబ్బు నీళ్లతో తుడిస్తే చాలాసార్లు రబ్బరు మళ్లీ అతుక్కుంటుంది.

3. గాలి దారులు తెరిచి ఉన్నాయో లేదో చూడాలి. ఫ్రీజర్ వెనక పలకలోని సందులకు మాంసం సంచినో, ఐసు ట్రేనో ఆనించి పెడితే చల్లగాలి కిందికి దిగదు.

4. వేడి బయటికి పోయే మార్గం ఉందో లేదో చూడాలి. వెనక నల్లని జాలీ ఉన్న పాత రకంలో ప్లగ్ తీసి, మెత్తని కుంచెతో రాతిపొడి దులపాలి. జాలీ కనిపించని కొత్త రకాల్లో వేడి పక్క గోడల గుండా పోతుంది కాబట్టి, బియ్యం బస్తాలో సిలిండరో రెండు పక్కలా ఆనించకూడదు.

5. వోల్టేజి చూడాలి. స్టెబిలైజర్ మీద అంకె కనిపిస్తే ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం దాన్ని రాసుకోవాలి. తరచుగా పడిపోతుంటే ముందు విద్యుత్ సంస్థ 1912 నంబరుకు ఫిర్యాదు చేయడం మంచిది. ఆ లోపం ఉన్నంతకాలం ఫ్రిజ్‌లో ఏ భాగం మార్చినా అది నిలవదు.

6. మంచు కరిగించి చూడాలి. ఫ్రిజ్ ఖాళీ చేసి, ప్లగ్ తీసి, తలుపులు తెరిచి ఒక పూర్తి రోజు వదిలేయాలి. తర్వాత కొన్ని రోజులు బాగా పనిచేసి మళ్లీ అదే లోపం తిరిగి వస్తే, ఫ్రీజర్ సెన్సర్ కన్నా డీఫ్రాస్ట్ హీటర్‌నో, డీఫ్రాస్ట్ సెన్సర్‌నో ఎక్కువగా అనుమానించాలి, ఎందుకంటే అప్పుడు కాయిల్ మీద కరగని మంచే గాలిని అడ్డుకుంటున్నట్లు లెక్క.

ఈ ఆరింటికీ అయ్యే ఖర్చు దాదాపు శూన్యం. వీటితోనే సమస్య తీరిపోతే అంతకన్నా కావాల్సిందేముంది?

కోడ్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

డిస్‌ప్లే ఉన్న ఫ్రిజ్‌లలో లోపాన్ని బోర్డు అక్షరాల్లోనో, అంకెల్లోనో చూపుతుంది. ఉదాహరణకు ఎల్‌జీ ఫ్రిజ్‌లలో 'ఈఆర్ ఎఫ్‌ఎస్' అంటే ఫ్రీజర్ సెన్సర్ అనీ, 'ఈఆర్ ఆర్‌ఎస్' అంటే కింది గది సెన్సర్ అనీ అర్థం. ప్రతి కంపెనీ తీరు వేరు కాబట్టి, ఫ్రిజ్‌తో వచ్చిన పుస్తకంలో మోడల్ నంబరు వారీగా సరిచూడాలి. అయితే కోడ్ చెప్పేది సెన్సర్ దారిలో తేడా ఉందని మాత్రమే. ఆ దారిలో పూస ఉంది, తీగ ఉంది, ప్లాస్టిక్ కనెక్టర్ ఉంది, బోర్డు ఉంది. కోడ్‌ను చూసి పూసను మార్చేయడమంటే నలుగురు అనుమానితుల్లో ఒకరిని విచారణ లేకుండా శిక్షించడమే అవుతుంది.

కోడ్ కనిపించిన వెంటనే చేయాల్సిన పని ప్లగ్ తీసి, పది నిమిషాలు ఆగి, తిరిగి పెట్టడం. కరెంటు వచ్చీపోయే సమయంలో బోర్డు తడబడి చూపిన కోడైతే అది మళ్లీ రాదు. వస్తే కొలతకు దిగాలి.

సెన్సర్‌ను కొలిచే క్రమం

వారంటీ ఇంకా మిగిలి ఉంటే పలకలు విప్పకూడదు. విప్పితే ఆ హక్కు పోవచ్చు. వారంటీ లేనప్పుడు కూడా కింది క్రమాన్ని వరుస తప్పకుండా పాటించాలి.

1. ప్లగ్‌ను గోడ నుంచి పూర్తిగా బయటికి తీయాలి. స్విచ్చి ఆపితే చాలదు. ఇన్వర్టర్ రకం ఫ్రిజ్ బోర్డులో కరెంటు కొంతసేపు నిలువ ఉంటుంది కాబట్టి పది నిమిషాలు ఆగి, ఆ తర్వాత కూడా బోర్డును వేళ్లతో తాకకుండా పనిచేయాలి.

2. లేబుల్ మీద 'ఆర్-600ఏ' అని ఉంటే లోపలి వాయువు ఐసోబ్యూటేన్, అంటే మండే స్వభావం ఉన్నది. పక్కన పొయ్యి, అగరుబత్తి, దీపం ఏవీ వెలుగుతూ ఉండకూడదు. గొట్టాలకు దెబ్బ తగలకూడదు.

3. ఫ్రీజర్ వెనక పలకను విప్పి సెన్సర్ ఎక్కడుందో గుర్తించాలి. గాలి తగిలేలా ప్లాస్టిక్ గూటిలో ఉన్నది సాధారణంగా ఫ్రీజర్ సెన్సర్. కాయిల్‌కు క్లిప్పుతో బిగించి ఉన్నది డీఫ్రాస్ట్ సెన్సర్. విప్పకముందే ఫోన్‌లో ఒక ఫొటో తీసుకుంటే బిగించేటప్పుడు తడుముకోనక్కర్లేదు.

4. కనెక్టర్‌ను, తీగ పట్టి కాకుండా ప్లాస్టిక్ పట్టి విడదీయాలి. పిన్నుల మీద పచ్చని చిలుము ఉందేమో చూడాలి. ఉంటే లోపం పూసలో కాక ఆ అతుకులోనే ఉండే అవకాశం బలంగా ఉంది.

5. మల్టీమీటర్‌ను ఓంల గుర్తు దగ్గర 200 కిలో ఓంల స్థాయికి తిప్పాలి. ఈ అంకెలోనే అసలు మెలకువ ఉంది. 20 కిలో ఓంల స్థాయిలో పెడితే, చల్లగా ఉన్న సెన్సర్ నిరోధం ఆ స్థాయిని దాటిపోయి, తెర మీద ఎడమ చివర '1' అనో, 'ఓఎల్' అనో కనిపిస్తుంది. అది ఈ స్థాయి చాలలేదని మీటరు చెబుతున్న మాట. తీగ తెగిందని పొరబడి మంచి సెన్సర్‌ను చెత్తబుట్టలో వేసే సందర్భాలకు ఇదే మూలం.

6. ఒక గ్లాసు నిండా ఐసు ముక్కలు కొట్టి వేసి, సందులు నిండేంత నీళ్లు మాత్రమే పోసి, బాగా కలపాలి. అది 0 డిగ్రీల దగ్గర స్థిరంగా ఉంటుంది. పూసను పలుచని పాలిథిన్ సంచిలో ఉంచి, కనెక్టర్ తడవకుండా ఆ ఐసు మధ్యకు దించి, అయిదు నిమిషాలు ఆగాలి.

7. మీటరు ముళ్లను రెండు పిన్నులకు ఆనించి చదవాలి. 25 డిగ్రీల వద్ద 5 కిలో ఓంల రకం సెన్సర్ అయితే ఐసు నీళ్లలో దాదాపు 13 నుంచి 17 కిలో ఓంల మధ్య, 10 కిలో ఓంల రకమైతే సుమారు దానికి రెట్టింపు చూపాలి. ఏ రకమో సర్వీసు పుస్తకంలో ఉంటుంది.

8. కొలుస్తూనే తీగను మెల్లగా వంచి చూడాలి. అంకె ఎగిరి పడితే లోపల తీగ విరిగి, అప్పుడప్పుడు మాత్రమే తగులుతోందని అర్థం.

9. సెన్సర్ సరిగ్గా ఉందని తేలితే కనెక్టర్‌ను తిరిగి కలిపి, ఫ్రిజ్ వెనక ఉన్న బోర్డు దగ్గర అదే సెన్సర్ తీగల కనెక్టర్‌ను బోర్డు నుంచి విడదీసి, తీగల వైపు మళ్లీ కొలవాలి. పూస దగ్గర మంచి విలువ, బోర్డు దగ్గర చెడ్డ విలువ వస్తే మధ్యలోని తీగలో లోపం. రెండు చోట్లా మంచి విలువే వచ్చి కోడ్ మాత్రం పోకపోతే అప్పుడు బోర్డును అనుమానించడం న్యాయం.

ఐసు నీళ్ల గ్లాసు అంత అవసరమా, గది వేడిమి వద్దే కొలవకూడదా అన్న సందేహం రావచ్చు. పుస్తకాల్లో ఇచ్చే ప్రమాణం 25 డిగ్రీలకు. తాడిపత్రిలో మే నెల మధ్యాహ్నం వంటిల్లు 40 డిగ్రీలు ఉంటే, నిక్షేపంలా ఉన్న 5 కిలో ఓంల సెన్సర్ కూడా 2.6 నుంచి 3 కిలో ఓంల మధ్యే చూపుతుంది. పుస్తకంలోని 5తో దాన్ని పోల్చినవారు సెన్సర్ చెడిపోయిందని తేల్చేస్తారు. పూసను వేళ్లతో పట్టుకుని కొలిచినా ఇదే రకం పొరపాటు జరుగుతుంది, ఒంటి వేడి నిరోధాన్ని తగ్గించేస్తుంది. గది వేడి ఊరిని బట్టి, రుతువును బట్టి మారుతుంది. కరుగుతున్న ఐసు మాత్రం ఎక్కడైనా 0 డిగ్రీలే.

మూడు సందర్భాలు, మూడు తీర్పులు

మొదటి సందర్భంలో, కింది గదిలో పెరుగు గడ్డకడుతోంది, కంప్రెసర్ ఆగడం లేదు, కోడ్ లేదు అనుకుందాం. 5 కిలో ఓంల రకం సెన్సర్ ఐసు నీళ్లలో 9 కిలో ఓంలే చూపింది. అంటే 0 డిగ్రీలున్నా బోర్డుకు అది 10 డిగ్రీల చుట్టుపక్కలని అందుతోంది. ఎంత చల్లబరిచినా చాలలేదనుకుని కంప్రెసర్‌ను పరుగెత్తిస్తోంది. ఇక్కడ తీర్పు స్పష్టం: పూసలో తేమ చేరింది, సెన్సర్ మార్చాలి.

రెండో సందర్భంలో, ఫ్రీజర్‌లో ఐసు కొంత గట్టిగానే ఉంది, కింది గదిలో మాత్రం చల్లదనం లేక దోసె పిండి రాత్రికి రాత్రే పులుస్తోంది, వెనకనుంచి ఫ్యాను ఏదో గీసుకుంటున్న చప్పుడు వస్తోంది అనుకుందాం. ఫ్రీజర్ సెన్సర్ ఐసు నీళ్లలో 15 కిలో ఓంలు చూపింది. పలక విప్పితే కాయిల్ కనిపించనంతగా మంచు ఉంది. సెన్సర్ నిర్దోషి. డీఫ్రాస్ట్ హీటర్, దాని ఫ్యూజు, డీఫ్రాస్ట్ సెన్సర్ మీదికి విచారణ మళ్లాలి.

మూడో సందర్భంలో, కోడ్ ఒక పూట కనిపించి మరో పూట మాయమవుతోంది అనుకుందాం. పూస కొలత బాగుంది, కనెక్టర్ పిన్నుల మీద మాత్రం చిలుము ఉంది. కాంటాక్ట్ క్లీనర్ అనే స్ప్రేతో శుభ్రం చేసి, పూర్తిగా ఆరాక బిగించి, వారం రోజులు గమనిస్తే చాలు. కోడ్ తిరిగి రాకపోతే కొత్త భాగం కొనే పనే లేదు.

తరచుగా జరిగే పొరపాట్లు

1. మంచును చాకుతోనో, స్క్రూడ్రైవర్‌తోనో గీకడం. ఒక్క పోటుకు కాయిల్‌కు బెజ్జం పడితే సెన్సర్ ఖర్చుతో పోయేది సీల్డ్ సిస్టమ్, అంటే గ్యాసు తిరిగే మూసిన గొట్టాల మరమ్మతుదాకా పోతుంది. తొందరగా కరగాలంటే వేడినీళ్ల గిన్నెను ఫ్రీజర్‌లో ఉంచాలి.

2. చూడటానికి ఒకేలా ఉందని ఏదో ఒక సెన్సర్ కొని అతకడం. 5 కిలో ఓంల చోట 10 కిలో ఓంలది పెడితే బోర్డు గది ఉన్నదానికన్నా ఎంతో చల్లగా ఉందని భ్రమపడి కంప్రెసర్‌ను ముందే ఆపేస్తుంది. మోడల్ నంబరుతోనే కొనాలి.

3. తీగను మెలిపెట్టి టేపు చుట్టడం. చలిలో, తేమలో ఆ అతుకు నిలవదు. కనెక్టర్‌తో సహా వచ్చే భాగమే మేలు, తప్పనిసరైతే టంకం వేసి వేడికి బిగుసుకునే గొట్టం తొడగాలి.

4. భాగం మార్చిన గంటకే ఫలితం ఆశించడం. వేసవిలో ఖాళీ ఫ్రీజర్ కుదురుకోవడానికే చాలా గంటలు పడుతుంది. 24 గంటల తర్వాత థర్మామీటరు చెప్పేదే తీర్పు.

మెకానిక్‌తో మాట్లాడే తీరు

కొలత చేతిలో ఉంటే మాట తీరే మారిపోతుంది. అనుభవం ఉన్న మెకానిక్‌ను అనుమానించాల్సిన పని లేదు, కానీ అడగాల్సిన ప్రశ్నను మర్యాదగా అడగడానికి మొహమాటమూ అక్కర్లేదు. ఈ ప్రాంతంలో ఆ సంభాషణ ఇలా సాగవచ్చు:

"గ్యాసు అయిపోయిందక్కా, నింపల్ల."

"సరేప్పా, యాడ లీకైందో ముందు చూపించు. సెన్సర్ ఐసు నీళ్లలో పదిహేను చూపించింది, కాయిలంతా మంచు గట్టింది. హీటర్ ఒకసారి కొలిచి చెప్పు."

ఈ సమాధానంలో ఒక ముఖ్యమైన సత్యం ఉంది. ఫ్రిజ్‌లోని వాయువు వాడకం వల్ల అయిపోయేది కాదు. మూసిన గొట్టాల్లో అదే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారిందనే అర్థం, కారిన చోటు మూయకుండా నింపితే అది మళ్లీ పోతుంది. అందుకే 'గ్యాసు' అన్న మాట వినబడగానే 'ఎక్కడ' అన్న ప్రశ్న రావాలి. మార్చిన పాత భాగాన్ని తిరిగి అడిగి తీసుకోవడం, భాగం పేరు, ధర, సర్వీసు వారంటీ రాసిన బిల్లు అడగడం కూడా అంతే అవసరం. వారంటీలో ఉన్న ఫ్రిజ్‌కు సేవ అందకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లే హక్కు కూడా ఉంది. అక్కడ కూడా తేదీలతో రాసుకున్న ఉష్ణోగ్రతల కాగితమే మంచి సాక్ష్యం.

మరమ్మతు అయ్యేదాకా ఆహారం, మందులు

ఫ్రిజ్ పనిచేయనప్పుడు తలుపు తీయకపోవడమే మొదటి రక్షణ. మూసి ఉంచితే కింది గది దాదాపు 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లదనం నిలుపుకుంటాయన్నది సాధారణంగా చెప్పే లెక్క. వంటింటి వేడి 40 డిగ్రీలున్న చోట ఈ గడువులను ఇంకా తగ్గించుకుని చూడాలి. ఫ్రీజర్ పదార్థంలో ఐసు పలుకులు ఇంకా ఉంటే దాన్ని తిరిగి గడ్డకట్టించవచ్చు. వండిన కూర, మాంసం, పాలు 32 డిగ్రీలు దాటిన గదిలో గంటకు మించి బయట ఉంటే వాటిని పారేయడమే క్షేమం. వాసన బాగుందన్న కారణంతో పిల్లలకు పెట్టకూడదు.

ఇన్సులిన్ వాడేవారు ఉన్న ఇంట్లో ఈ లోపాన్ని ఒక్క రోజు కూడా వాయిదా వేయకూడదు. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడటానికి మామూలుగానే ఉన్నా వాడకూడదు. సెన్సర్ వేడిగా చెప్పడం వల్ల కింది గది అతిగా చల్లబడే లోపం ఇక్కడ ఐసు కరగడం కన్నా ప్రమాదకరం, ఎందుకంటే బయటికి ఫ్రిజ్ చాలా బాగా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. ఇన్సులిన్ పెట్టె పక్కన ఒక థర్మామీటరు శాశ్వతంగా ఉంచి, అనుమానం వచ్చిన రోజే దాన్ని బంధువుల ఇంటి ఫ్రిజ్‌కో, మందుల దుకాణానికో చేర్చి, డాక్టర్ సలహా తీసుకోవాలి.

కొలతలను కాగితం మీద నిలపాలి

మరమ్మతు పూర్తయిన 24 గంటల తర్వాత ఒకసారి, వారం తర్వాత మరోసారి ఫ్రీజర్, కింది గది ఉష్ణోగ్రతలను చదివి, తేదీతో సహా ఒక కాగితం మీద రాసి, ఫ్రిజ్ పుస్తకంలో దాచుకోవాలి. ఫ్రిజ్ మోడల్ నంబరు, సెన్సర్ రకం, ఐసు నీళ్లలో అది చూపిన కిలో ఓంలు, మార్చిన భాగం, దాని ధర కూడా అదే కాగితం మీద ఉండాలి. వచ్చే వేసవిలో మళ్లీ ఐసు మెత్తబడితే విచారణ మొదటినుంచి కాక ఆ అంకెల నుంచే మొదలవుతుంది. ఒకసారి కొలవడం అలవాటైన ఇల్లు గీజర్‌నైనా, మోటారునైనా, ఏసీనైనా అదే తీరుగా పరిశీలిస్తుంది. ఆ ఇంటికి అక్కర్లేని భాగాన్ని అమ్మడం ఎవరి తరమూ కాదు.